నాలుగు చెంచాల కాంజికా

"గొట్టం ఏదత్తయ్యా?"

పొయ్యి మీంచి కాఫీ గిన్నె దించబోతున్న కిటేరియా అలాగే పట్టుకుని నిలబడింది.

"మిమ్మల్నే. పిల్లాడి ముక్కులో గొట్టం ఏది?"

"ఊడొచ్చింది."

"ఊడొచ్చిందా, ఊడబీకారా?"

"ఊడొచ్చిందంటున్నాగా. పొద్దున్నే అరవకు. పండగపూట వీధంతా వింటుంది."

"విననీండి. వీధికి తెలియంది ఏముంది మనింట్లో?"

ఎడిల్మా భుజం మీద బెనీసియో తల వెనక్కి వేలాడేసి ఉన్నాడు. పద్నాలుగు నెలలవాడు. చూసినవాళ్లు అయిదు నెలలనుకుంటారు. ఎడమ బుగ్గ మీద నెలల తరబడి ప్లాస్టరు అంటించిన చోట ఎర్రగా చారలు తేలాయి. ఒళ్లు పెనంలా ఉంది. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది.

మూడు రోజులు. ఇంకా మూడే మూడు రోజులు. మంగళవారం రెసీఫె పెద్దాసుపత్రిలో వాడి కడుపుకి చిన్న రంధ్రం చేసి, ముక్కు గొట్టం బదులు పాలు నేరుగా అందులోకి పోసే గొట్టం పెడతారు. అయిదు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ. జ్వరం ఉన్న పిల్లాడికి మత్తు ఇవ్వరని ఆ తేదీ రాసిచ్చిన కాగితం మీదే రాసి ఉంది. ఆ కాగితం ఎడిల్మాకి కంఠతా వచ్చు.

"రాత్రి నేను చూసుకుంటాలే, నువ్వు పడుకో అన్నారు. మూడు రాత్రుల నిద్ర కళ్ల మీద ఉండి నమ్మాను. బుద్ధి తక్కువై నమ్మాను."

"నిద్రపోయింది నువ్వు. మాట పడేది నేనా?"

ముందుగదిలో రెండు కుట్టుమిషన్ల పక్కన జిప్పులు పడని జీన్సు ప్యాంట్లు గుట్టగా పడి ఉన్నాయి. సెయింట్ జాన్ పండగ నాడు మా ఊళ్లో ఏ ఇంట్లోనూ మిషను తిరగదు. అందుకే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండి, పిల్లాడి గురక ఇంకా పెద్దగా వినిపించింది.

జెనివాల్దో అప్పుడే మోటారుసైకిలు గుమ్మంలో ఆపి లోపలికొచ్చాడు. రాత్రంతా పండగ జనాన్ని కిరాయికి ఊరి చుట్టూ తిప్పి తిప్పి అలసిపోయి ఉన్నాడు. హెల్మెట్టు తియ్యకుండానే పెళ్లాం మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు, తర్వాత పిల్లాడి మొహం చూశాడు.

"గొట్టమేది?"

"మీ అమ్మనడుగు," అంది ఎడిల్మా.

అతను అడగలేదు. పుట్టి ఇరవై ఆరేళ్లయినా జెనివాల్దో తల్లికి ఎదురు ప్రశ్న వేసిన పాపాన పోలేదు. తండ్రి ఇల్లు వదిలిపోయాక ప్యాంటుకి ఇంతని కుట్టి పెంచిన మనిషి ఆమె. హెల్మెట్టు తీసి బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

ఎవరూ అడక్కపోయేసరికి కిటేరియాకి చెప్పక తప్పలేదు.

"ఎదురింటి లిందాల్వా కోసం తీశాను," అంది.

"లిందాల్వాకేం పని వీడి ముక్కుతో?"

"వీడికి జ్ఞానస్నానం అయిందా చెప్పు. పద్నాలుగు నెలలైంది. ఎవరు ముందుకొచ్చారు ధర్మతల్లిగా ఉంటామని? నీ అక్క వచ్చిందా? నా తమ్ముడి పెళ్లాం వచ్చిందా? అందరూ వాకిట్లో నిలబడి అయ్యోపాపం అనేవాళ్లే. ఎత్తుకోవాలంటే మాత్రం అందరికీ చేతులు నొప్పే."

అది అబద్ధం కాదు. ఎడిల్మా కడుపుతో ఉండగా ఒక వారం ఒళ్లంతా దద్దుర్లు పోసి, కీళ్లు పట్టేసి, తగ్గిపోయాయి. దోమ తెచ్చిన జ్వరం. ఆ ఏడు మా వీధిలో ఎవరిని పలకరించినా గోక్కుంటూనే మాట్లాడారు. అందరికీ తగ్గింది. కడుపులో ఉన్న బెనీసియోకి తగ్గలేదు. చిన్న తలతో, బిగిసిపోయిన కాళ్లుచేతులతో పుట్టాడు. మింగడమన్నది వాడి మెదడుకి తెలియదని తర్వాత తేలింది.

"రాత్రి వాకిట్లో వేసే పండగ మంట చుట్టూ మూడుసార్లు తిప్పి, పిల్లాడు నావాడు అని ఒక్క మాటంటే చాలు, ఆ మంటే సాక్షి. చర్చి వరకూ పోనక్కర్లేదు, పాదిరీని బతిమాలనక్కర్లేదు," కిటేరియా చెప్పుకుపోతోంది. "లిందాల్వా ఒప్పుకుంది. నలుగుర్ని కన్న మనిషి, చెయ్యి మంచిది. తీరా వచ్చి వాణ్ణి చూసి, 'వదినా, ఈ పామేమిటి ముక్కులో, నాకు భయం, ముట్టుకోలేను' అంది. నేనేం చెయ్యను? ప్లాస్టరు తడిపి తీసేశాను. మెల్లిగానే తీశాను. మొహం కడిగాను. బంగారంలాంటి మొహం బయటికొచ్చింది. అప్పుడు ఎత్తుకుంది."

"ఎత్తుకుని?"

"మూడుసార్లు తిప్పింది."

"తిప్పి?"

కిటేరియా కాఫీ గిన్నె కింద పెట్టింది. బల్ల మీద చల్లారిన కాంజికా పళ్లెం ఉంది. లేత మొక్కజొన్న రుబ్బి, కొబ్బరిపాలు పోసి, పొయ్యి దగ్గర నిలబడి చెయ్యి పడిపోయేదాకా తిప్పితే వచ్చే పసుపుపచ్చటి పండగ తీపి. పైన దాల్చినచెక్క పొడితో ఎవరో శిలువ గీశారు. ఆ శిలువ మధ్యలో చెంచాతో తవ్విన గుంట.

ఎడిల్మా ఆ గుంట చూసింది.

"ఎన్ని చెంచాలు?"

"ధర్మతల్లి చేత్తో మొదటి తీపి పెట్టాలి గదా..."

"ఎన్ని అత్తయ్యా?"

"నాలుగు. చిన్న చెంచా. ఆమె ఒకటి పెట్టింది. మిగతావి నేను."

"దేవుడా!"

"ఎందుకలా గుండెలు బాదుకుంటావు? నీళ్లలా ఉన్నవి పెట్టొద్దు, చిక్కగా ఉన్నవే పెట్టమని ఆ మింగడం డాక్టరమ్మే అంది. నేను విన్నాను, నా చెవులారా విన్నాను. కాంజికాకన్నా చిక్కటిది ఏముంది? చెంచా నిలబెడితే నిలబడుతుంది!"

"అది వీడు ఆరు నెలలప్పుడు! తర్వాత రెసీఫెలో ఎక్స్‌రే కింద పాలు పట్టించి సినిమాలా చూపించారు. మీరు రాలేదు, నేను చూశాను. పాలు నల్లటి దారంలా గొంతులోకి దిగి, సగం అటూ సగం ఇటూ పోయాయి. సగం ఊపిరితిత్తుల్లోకి. చిక్కటి పాలు పట్టారు, అవీ అలాగే పోయాయి. వీడు దగ్గలేదు. కనీసం కన్ను కూడా ఆర్పలేదు. ఇంక నోటికి ఏదీ ముట్టించొద్దన్నారు. చుక్క నీళ్లు కూడా."

"రాత్రి కూడా దగ్గలేదు," అంది కిటేరియా, అదే తనకు అండ అన్నట్టు. "ఒక్కసారి కూడా దగ్గలేదు. తిన్నాడు. రెండో చెంచాకి నాలిక బయటికి చాపాడే. ఇంకా కావాలని అడిగాడు. పద్నాలుగు నెలల్లో వాడు ఈ లోకంలో దేన్నైనా కావాలని అడగడం నేనెప్పుడూ చూడలేదు. లిందాల్వా కూడా ఏడ్చింది."

అరవాల్సింది ఇంకా చాలా ఉంది, కాని ఆ చాపిన నాలిక ఎడిల్మా కళ్ల ముందుకొచ్చి నిలబడింది. తను చూడలేకపోయానే అని కూడా అనిపించింది. ఒంటి మీద కాలిపోతున్న పిల్లాణ్ణి పెట్టుకుని అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గుమ్మంలో ఎవరో వచ్చామని పిలుస్తూ కొట్టే చప్పట్లు వినిపించాయి. ఆరోగ్య కార్యకర్త నెయిడి. పండగైనా, వానైనా శనివారం పొద్దున్న ఈ ఇంటికి రాకుండా ఉండదు. మా వీధిలో ఇలాంటి పిల్లలు ముగ్గురుంటే, ముగ్గురి బరువులూ ఆమె నోటికి వచ్చు.

"పండగ శుభాకాంక్షలు... ఏమైంది?" అని అక్కడే ఆగిపోయింది.

నెయిడి సంచీలోంచి థర్మామీటరు తీసి పిల్లాడి చంకలో పెట్టి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. తర్వాత చొక్కా ఎత్తి పక్కటెముకలు చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా ఎముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతోంది.

"జ్వరం ముప్ఫై తొమ్మిది డిగ్రీలు దాటింది. జెనివాల్దో, బండి కాదు, పక్కింటివాళ్ల కారడుగు. ఊరాసుపత్రికి, ఇప్పుడే."

"మంగళవారం సంగతేంటక్కా?" అంది ఎడిల్మా.

"ముందు ఇవాళ సంగతి చూడు తల్లీ."

"అక్కా, ఈ తేదీ పోతే మళ్లీ ఎప్పుడు?"

నెయిడి అబద్ధం చెప్పడం రాని మనిషి. అందుకే సంచీ సర్దుకుంటూ, "కాగితాలన్నీ తీసుకో," అని మాత్రం అంది.

*

ఊరాసుపత్రి వరండాలో రాత్రి టపాకాయలకి చెయ్యి కాల్చుకున్నవాళ్లు, తాగి పడి తల పగలగొట్టుకున్నవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎక్స్‌రే గదిలోకి ఒక్కరే రావాలన్నారు. జెనివాల్దో పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్లాడు. బెంచీ మీద అత్తాకోడళ్లు మిగిలారు. ఇద్దరి మధ్య పిల్లాడి సంచీ ఉంది.

కిటేరియాయే ముందు మాట్లాడింది. అరిచే గొంతు కాదు. మిషను మీద కూర్చుని తనలో తాను అనుకునే గొంతు.

"డాక్టరు అడుగుతుంది. నేను చెప్తాను. నువ్వు నోరు తెరవకు."

"చెప్పాలిగా మరి. చేసింది మీరు."

"చెప్తానంటున్నాగా. నేనొక్కదాన్నే, రాత్రొక్కసారే అని చెప్తాను."

ఎడిల్మా తల తిప్పి చూసింది.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు ఆపి అందరం నడుం వాలుస్తామా," కిటేరియా నేల చూస్తూ అంది. "అప్పుడు నువ్వు గది తలుపేసుకుంటావు. ఆ తలుపుకి గడియ సరిగ్గా పడదే. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాను, నాకు తెలీదా?"

ఎడిల్మా పిల్లాడి సంచీ ఒళ్లోకి లాక్కుంది.

మూడు వారాలు. రోజూ మధ్యాహ్నం. గొట్టంలోంచి తను పిండి తీసిన పాలు పోసినప్పుడు వాడు కర్రలా బిగుసుకుని, పైకప్పు చూస్తూ, గొంతు తెరవకుండా ఏడ్చేవాడు. ఒకరోజు ఊరుకోబెట్టడానికి ఊరికే రొమ్ముకి ఆనించుకుంది. అంతే. పిడికిళ్లు విడిపోయాయి. పీల్చడం సరిగ్గా రాకపోయినా పెదాలు కదిలించాడు. కారిన చుక్కలు కారాయి. దగ్గలేదు. మర్నాడు మళ్లీ. ఒక్క అయిదు నిమిషాలే కదా, చుక్కలే కదా, నా పాలే కదా అనుకుంది. నల్లటి దారం రెండుగా చీలడం కళ్లారా చూసిన మనిషే అలా అనుకుంది.

బుధవారం వాడి వీపు వెచ్చగా తగిలింది. ఉక్కపోత అనుకుంది. గురువారం సాయంత్రం నెయిడి ఇచ్చిన జ్వరం చుక్కలు గొట్టంలో పోసి, ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పట్నించీ తెలుసు మీకు?"

"మొదట్నించీ."

"మరెందుకు ఆపలేదు?"

"ఎలా ఆపను? తలుపు సందులోంచి చూశాను. వాడు నీ మీద చెయ్యి వేసుకుని పడుకున్నాడు. మామూలు పిల్లాడిలా. వెళ్లి లాక్కోమంటావా?" కిటేరియా ముక్కు చీదుకుంది. "డాక్టర్లు చెప్పేదంతా మనల్ని బెదరగొట్టడానికే అనుకున్నాను. రోజూ తల్లి పాలిస్తోంది, ఏమీ కాలేదు. నేను నాలుగు చెంచాలు పెడితే ఏమవుతుంది అనుకున్నాను. నీకు తెలియకుండానే, నిన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నాను."

పొద్దున్న అత్తని ఎన్ని మాటలందో ఎడిల్మాకి వరసగా గుర్తొచ్చింది. అన్నీ ఈ మనిషి తెలిసీ పడింది.

"నన్ను అనకుండా ఎందుకూరుకున్నారు?"

"అంటే మంగళవారం వస్తుందా?" అంది కిటేరియా. "నువ్వు నోరు మూసుకో. అది చాలు."

*

డాక్టరు చిన్న వయసుది. రాత్రి డ్యూటీ అయిపోయినా ఇంకా ఇంటికి వెళ్లనట్టుంది. ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి అడ్డంగా పట్టుకుని చూపించింది. కుడివైపు కింద పొగలా తెల్లటి మచ్చ. బెనీసియో ఎడిల్మా ఒడిలోకి వచ్చాడు. నర్సు వాడి ముక్కులో కొత్త గొట్టం దించింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలక వాడు నోరు మాత్రం తెరిచాడు.

"నోట్లో ఏం పెట్టారు?" అంది డాక్టరు.

"నేను పెట్టానమ్మా," కిటేరియా లేచి నిలబడింది. "కాంజికా. రాత్రి, మంట దగ్గర. నాలుగు చెంచాలు. కోడలు నిద్రపోతోంది. దానికేమీ తెలీదు."

"అంతకుముందు?"

"లేదు. ఎప్పుడూ లేదు. రాత్రే, నేనొక్కదాన్నే."

జెనివాల్దో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అతని మెడలో నరాలు లేచాయి.

"అమ్మా," అన్నాడు. "ఇంటికెళ్లి నీ బట్టలు సర్దుకో. మామయ్య ఇంటికెళ్లు. ఇకమీదట వీణ్ణి ముట్టుకోవద్దు."

జీవితంలో మొదటిసారి తల్లికి ఎదురుచెప్పాడు. కిటేరియా ఒక్క క్షణం కొడుకు వైపు చూసి, "సరే నాయనా," అంది. నువ్వెవడివిరా నన్ను పొమ్మనడానికి అని మీద పడుతుందనుకుని ఎదురుచూసిన ఎడిల్మా, ఆ సరే అన్న మాట విని పిల్లాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది.

డాక్టరు ఆ గొడవ పట్టించుకోలేదు. ఇలాంటివి ఎన్ని చూసిందో. కాగితం మీద ఏదో రాసి, పెన్ను పైకెత్తింది.

"తల్లీ, నువ్వు జాగ్రత్తగా విను. ఈ మచ్చ నిన్నటిదా, వారాలనాటిదా ఫిల్ము చూసి నేను చెప్పలేను. రాత్రి ఒక్కసారే అయితే, ఇప్పుడే ఇంజెక్షన్లు మొదలెట్టి, ఇక్కణ్ణుంచే రెసీఫెకి పంపిస్తాను. మంగళవారం వాళ్లు చూసి, జ్వరం దిగి ఊపిరి తేలికపడితే ఆపరేషన్ చేస్తారు. నేను ఫోను చేసి అడుగుతాను. కాని ఇది ఎప్పట్నించో జరుగుతున్నదైతే, మత్తు ఇస్తే ఈ పిల్లాడు మళ్లీ ఊపిరాడించే మిషను మీంచి దిగడు. నీకర్థమవుతోందా?"

"అవుతోంది."

"అయితే చెప్పు. నిన్నటిదాకా నోటికి ఏమీ ఇవ్వలేదు కదా?"

కిటేరియా చెయ్యి వెనకనుంచి వచ్చి కోడలి భుజం మీద పడింది. సూది కుట్టి కుట్టి గట్టిపడిన వేళ్లు. నొక్కి పట్టుకుంది.

ఎడిల్మాకి మంగళవారం కావాలి. ఈ లోకంలో ఆమెకి అదొక్కటే కావాలి. ఇవ్వలేదు అనే ఒక్క మాట. అత్త చెప్పేసింది, మొగుడు నమ్మేశాడు, పెన్ను రాయడానికి సిద్ధంగా ఉంది. ఒళ్లో పిల్లాడి గుండె పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది.

"ఇచ్చాను," అంది.

భుజం మీది వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.

"అది భయపడి ఏదో అంటోందమ్మా," అంది కిటేరియా.

"నేనే ఇచ్చాను. నా పాలు. మూడు వారాలుగా, రోజూ. బుధవారం నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. నేను చెప్పలేదు." ఎడిల్మా ఒక్కో మాటా విడివిడిగా అంది. ఎక్కడ ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనోనని భయం.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. రాసిన వరస మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద కొత్తగా రాసింది. పెన్ను మూత పెట్టింది.

"మంగళవారం కుదరదు," అంది. "వీణ్ణి ఇక్కడే చేర్చుకుంటున్నాను."

"మళ్లీ ఎప్పుడు డాక్టరుగారూ?"

"ముందు ఈ వారం గడవనీ తల్లీ. తర్వాత మళ్లీ వరసలో పేరు రాయించాలి. ఎప్పుడని నన్నడక్కు. నాకు తెలియదు." తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "అప్పటిదాకా వాడుంటాడా అని కూడా అడక్కు."

ఆమె వెళ్లిపోయాక గదిలో ముగ్గురు పెద్దవాళ్లూ ఒక పిల్లాడూ మిగిలారు. జెనివాల్దో వచ్చి ఎడిల్మా ఎదురుగా నిలబడ్డాడు. అరుస్తాడని ఆమె కళ్లు మూసుకుంది. అతను వంగి ఒళ్లోంచి బెనీసియోని ఎత్తుకున్నాడు. కొత్త గొట్టం తగలకుండా, తల కింద అరచెయ్యి పెట్టి, చాలా జాగ్రత్తగా ఎత్తుకున్నాడు.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాడు, తల్లి వైపు తిరక్కుండానే.

కిటేరియా తల దించుకుంది. అతనికి జవాబు అందింది.

నర్సు తలుపులోంచి తల పెట్టింది. "పిల్లాడి తండ్రెవరు? కౌంటరు దగ్గర సంతకం పెట్టాలి, ఇప్పుడే రండి. పిల్లాణ్ణి అక్కడికి తేవద్దు, దగ్గుల వాళ్లున్నారు. ఇంట్లోవాళ్లెవరికైనా ఇచ్చి రండి."

జెనివాల్దో కొడుకుని గుండెకి హత్తుకుని గది మధ్య నిలబడ్డాడు. పెళ్లాన్ని చూశాడు. తల్లిని చూశాడు. ఇద్దరిలో ఒక్కరూ చెయ్యి చాపలేదు.